పాత ట్రాక్టరు కొనుట: లాగు బలము, నిలుపు బలము

మన హోసూరు, డెంకణికోట, రాయకోట ప్రాంతములలో సేద్యమే జీవనాధారముగా గల తెలుగు కుటుంబములు అనేకములు కలవు. పండిన టమాటను, కోసును, రాగిని సంతకు చేర్చుటకును, ఎరువును పొలమునకు తోలుటకును ప్రతి యింటికిని ఒక బండి కావలెను. ఎద్దులబండితో ఆ పనులన్నియు జరిగిన దినములు గడచినవి. క్రొత్త ట్రాక్టరు కొనుటకు చాలినంత ధనము లేని రైతు, ఒకరు వాడిన ట్రాక్టరును, దానికి తగిలించుటకు ఒక చిన్న ట్రైలరును కొనదలచుట సహజము. ట్రైలరునే కొందరు ట్రాలీ యనియు, కొందరు తొట్టి యనియు పిలుతురు.

ఇట్టి కొనుగోలు సామాన్య కుటుంబమునకు ఇల్లు కట్టుట, పెండ్లి చేయుట వంటి పెద్ద కార్యము. ఇందు పొరపాటు జరిగినచో పొలము తాకట్టు పడును. మరియొక విధమైన పొరపాటు జరిగినచో ప్రాణమునకే ముప్పు కలుగును.

ఇది పాఠశాల పత్రికలో వ్రాయదగిన విషయమా యని కొందరు విద్యార్థులు తలంపవచ్చును. తప్పక వ్రాయదగినదే. ఏలయనగా, మీ తండ్రిగారు ట్రాక్టరు బేరమునకు పోవునపుడు ఆయనకు మూడు విషయములలో తోడు కావలసి యుండును. బరువునకును బలమునకును గల సంబంధము తెలియవలెను. అది మీరు భౌతిక శాస్త్రమున చదువుచున్న పాఠము. వడ్డీ లెక్క సరిచూడవలెను. అది మీ గణితము. అరవములోనో కన్నడములోనో వ్రాసిన కాగితములను చదువవలెను. ఇంట తెలుగు మాత్రమే చదువనేర్చిన పెద్దలకు ఆ పని మీరే చేసి పెట్టవలెను. కావున ఈ వ్యాసము మీకును, మీ తల్లిదండ్రులకును కలిపి వ్రాయుచున్నాను.

బేరమున సాధారణముగా అడుగబడు ప్రశ్న యొకటే: "ఇది ఎంత బరువు లాగును?" అమ్మువాడు, "మూడు టన్నులు, నాలుగు టన్నులు ఇట్టే లాగును" అనును. అతడు చెప్పునది చాలమట్టుకు నిజమే. కాని అడుగవలసిన ప్రశ్న అది కాదు. "ఇది ఎంత బరువును నిలుపగలదు?" అని అడుగవలెను. లాగుట సులభము, నిలుపుట కష్టము. దీనిని లెక్కతో నిరూపించెదను.

లాగుటకు ఎంత శక్తి కావలెను?

ఒక ట్రాక్టరు బరువు 1,800 కిలోలనుకొందము. నాలుగు చక్రముల ట్రైలరు ఖాళీ బరువు 1,200 కిలోలు. అందులో 3,000 కిలోల సరకు వేసితిమి. మొత్తము 6,000 కిలోలు. ఒక కిలో వస్తువును భూమి ఆకర్షించు బలమును ఒక కిలో బలము అందము.

సమతలమైన తారు రోడ్డుపై చక్రములు దొరలుటకు మొత్తము బరువులో సుమారు నలుబదవ వంతు బలము చాలును. అనగా 150 కిలోల బలము. గంటకు 20 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు సుమారు 5.6 మీటర్లు. 75 కిలోల బరువును ఒక సెకనులో ఒక మీటరు ఎత్తు శక్తికి ఒక అశ్వశక్తి యని పేరు. దీనినే మనవారు హెచ్.పి. అందురు. 150ని 5.6తో గుణించి 75తో భాగించిన సుమారు 11 అశ్వశక్తులు వచ్చును. అనగా 35 హెచ్.పి. ఇంజనులో మూడవ వంతు శక్తి మాత్రమే వినియోగమగును.

ఇపుడు 20 మీటర్ల దూరమునకు ఒక మీటరు ఎత్తు చొప్పున ఎక్కు దారి వచ్చినదనుకొందము. మొత్తము బరువులో ఇరువదవ వంతు, అనగా 300 కిలోల బలము అదనముగా కావలెను. పూర్వపు 150తో కలిపి 450. అదే వేగముతో ఎక్కుటకు 33 అశ్వశక్తులు వలయును. డ్రైవరు గేరు తగ్గించి గంటకు 10 కిలోమీటర్ల వేగముతో ఎక్కినచో అందులో సగము, అనగా సుమారు 17 చాలును. ఇదియే గేరు మహిమ: వేగమును విడిచిపెట్టినచో బలము లభించును. అందుచేతనే చిన్న ట్రాక్టరు కూడ పెద్ద బరువును లాగగలుగుచున్నది. చూచువారికి అది మంచి బండి యని తోచుచున్నది.

నిలుపుటకు ఎంత బలము కలదు?

ఆ బండినే ఇపుడు నిలుపవలెను. మన ప్రాంతమున తిరుగు చిన్న ట్రైలర్లలో చాలవాటికి స్వంతముగా బ్రేకులుండవు. ట్రాక్టరు బ్రేకులైనను సాధారణముగా వెనుక చక్రములకు మాత్రమే యుండును. 1,800 కిలోల ట్రాక్టరులో వెనుక చక్రములపై పడు బరువు సుమారు 1,150 కిలోలు. పొడి రోడ్డుపై టైరునకు గల పట్టు ఆ బరువులో పదింట ఆరువంతులనుకొందము. అనగా నిలుపు బలము దాదాపు 700 కిలోలు. ట్రైలరులో ఎన్ని టన్నులు పోసినను ఈ 700 పెరుగదు. బరువు పెరుగుచునే యుండును, నిలుపు బలము ఉన్నచోటనే యుండును. ఇదియే చిక్కు.

సమతలముపై ఈ 700కు చక్రముల సహజ నిరోధము 150 తోడై 850 అగును. ఆరు టన్నుల బండి గంటకు 20 కిలోమీటర్ల వేగమున పోవుచుండగా బ్రేకు వేసినచో సుమారు 11 మీటర్లలో నిలుచును. 30 కిలోమీటర్ల వేగమైన 25 మీటర్లు, 40 కిలోమీటర్లయిన 44 మీటర్లు పట్టును. వేగము రెట్టింపైనచో దూరము నాలుగు రెట్లగుట గమనింపుడు. డ్రైవరు ప్రమాదమును చూచి బ్రేకుపై కాలు మోపుటకు పట్టు కాలమును ఇందు లెక్కింపలేదు.

ఇక పది మీటర్లకు ఒక మీటరు చొప్పున దిగు దారిని తలంపుడు. డెంకణికోటనుండి అంచెట్టికి పోవు కొండదారి యెరిగినవారికి వాలు ఎట్టిదో చెప్పనక్కరలేదు. అట్టి వాలులో మొత్తము బరువులో పదవ వంతు, అనగా 600 కిలోల బలము బండిని క్రిందికి త్రోయుచుండును. 850లో 600 పోగా మిగిలినది 250. గంటకు 20 కిలోమీటర్ల వేగముననే యున్నను బండి నిలుచుటకు సుమారు 38 మీటర్లు పట్టును. వాన పడి రోడ్డు తడిసినచో టైరుల పట్టు 700 నుండి 400కు తగ్గిపోవును. దానికి 150 కలిపిన 550. త్రోయు బలము 600. అనగా బ్రేకును పూర్తిగా త్రొక్కినను బండి నిలువదు. వేగము పెరుగుచునే పోవును. బ్రేకులలో లోపము లేదు, డ్రైవరు తప్పిదము లేదు. బండి బయలుదేరక పూర్వమే, సరకు ఎక్కించిన నాడే, ఆ ప్రమాదము సిద్ధమై యున్నది.

మరి ఎంత బరువు వేయవచ్చును? ట్రాక్టరు కంపెనీల సూచన పుస్తకములు కొన్నింటిలో ఒక నియమము కనబడును: బ్రేకులు లేని ట్రైలరు సరకుతో కూడ ట్రాక్టరు బరువునకు ఒకటిన్నర రెట్లు మించరాదు, గంటకు 32 కిలోమీటర్ల వేగమును దాటరాదు. మన ఉదాహరణములో 1,800కు ఒకటిన్నర రెట్లు 2,700. అందులో ట్రైలరు స్వంత బరువు 1,200 పోగా సరకునకు మిగిలినది 1,500 కిలోలు. 25 కిలోల టమాట పెట్టెలు అరువది. అట్లు వేసినచో, పైన చెప్పిన వాలులోనే, పొడి రోడ్డుపై 38 మీటర్లకు బదులు సుమారు 20 మీటర్లలో బండి నిలుచును. "ఇంత కొద్ది సరకునకు ట్రాక్టరేల?" అని కొందరందురు. రెండు సార్లు పోయివచ్చిన డీజిలు ఖర్చగును, నిజమే. ఆ ఖర్చు కూడదనుకొనువారు స్వంత బ్రేకులు గల ట్రైలరును, బరువైన ట్రాక్టరును ఎన్నుకొనవలెను.

దీనిని బట్టి ఎన్నికకు మొదటి సూత్రము తేలుచున్నది. ముందుగా ట్రాక్టరును చూడరాదు. తాము మోయదలచిన సరకు ఎంత, పోవు దారి ఎట్టిది యని నిర్ణయించుకొని, దానికి తగిన ట్రైలరును, ఆ ట్రైలరునకు తగిన ట్రాక్టరును వెదుకవలెను. 15, 20 హెచ్.పి. గల చిన్న ట్రాక్టర్లు తోటలలో కలుపు దున్నుటకు మంచివే గాని వాటి బరువు చాల తక్కువ. వాటికి పెద్ద ట్రైలరు తగిలించుట మేకకు బండి కట్టినట్లే. హెచ్.పి. కంటె బరువు ముఖ్యము. కొనుటకు ముందు ట్రాక్టరును, ట్రైలరును వేరువేరుగా వే బ్రిడ్జిపై తూపించి చీటీ తీసికొనుడు. దానికగు ఖర్చు స్వల్పము.

సరకు సర్దుట

రెండు చక్రముల ట్రైలరు సంగతి కొంచెము వేరు. దాని బరువులో కొంత భాగము ట్రాక్టరు వెనుక నున్న డ్రాబారుపై పడి, వెనుక చక్రములకు పట్టు నిచ్చును. సరకును ఇరుసునకు వెనుకప్రక్క ఎక్కువగా వేసినచో ట్రైలరు ముందుభాగము పైకి లేచి, ఆ పట్టును హరించును. ముందుప్రక్క మితిమీరి వేసినచో ట్రాక్టరు ముందు చక్రములు తేలిపోయి స్టీరింగు మాట వినదు. అమెరికా దేశమున కుటుంబములు విహారయాత్రలకు చిన్న గదివంటి ట్రైలరును కారునకు తగిలించుకొని పోవుదురు. వారును ఈ విషయమునే ముఖ్యముగా చూచుకొందురు. ట్రైలరు బరువులో నూటికి 10 నుండి 15 వంతులు తగిలింపుపై పడునట్లు సామాను సర్దుకొనవలెనని వారికి చెప్పుదురు. అంతకు తగ్గినచో ట్రైలరు పాము వలె ఊగులాడును. బండి యేదైనను, దేశమేదైనను, సూత్రమొక్కటియే.

ట్రైలరును డ్రాబారునకే తగిలించవలెను గాని అంతకంటె ఎత్తైన చోట గొలుసుతోనో త్రాటితోనో కట్టరాదు. వెనుక ఇరుసు కంటె ఎత్తున లాగినచో ట్రాక్టరు ముందుభాగము లేచి, బండి వెనుకకు తిరుగబడి డ్రైవరుపై పడు ప్రమాదము కలదు.

పరీక్షింపవలసిన భాగములు

పాత ట్రాక్టరు వయస్సును కిలోమీటర్లతో గాక నడచిన గంటలతో లెక్కింతురు. కాని ఆ గంటల మీటరు మాటనే నమ్మరాదు. అది చెడి ఏండ్ల తరబడి నిలిచిపోయి యుండవచ్చును, మార్పబడియు నుండవచ్చును. త్రొక్కుడు పలకల అరుగుదల, స్టీరింగు చక్రము నునుపు చూచినచో మీటరు మాట నిజమో కాదో కొంతవరకు తెలియును.

ఉదయమున, ఇంజను చల్లగా నున్నపుడు పోవుడు. ముందుగా స్టార్టు చేసి యుంచవలదని అమ్మువానికి చెప్పుడు. వేడి ఇంజను లోపములను దాచును. స్టార్టు చేసినపుడు పొగను గమనింపుడు. నల్లని పొగ స్వల్పముగా వచ్చి పోయినచో చింత లేదు. నీలిపొగ మానక వచ్చుచున్నచో ఇంజను ఆయిలు కాలుచున్నదని అర్థము. వేడెక్కిన తరువాతను తెల్లపొగ ఆగనిచో నీరు లోపలికి చేరుచున్నదేమో యని అనుమానింపవలెను. ఇంజను ఆయిలు పాలు కలిపినట్లు తెల్లబారి యున్నను అదే అనుమానము. ఇంజను నడచుచుండగా ఆయిలు పోయు మూత తీసిచూచినచో, లోపలినుండి పొగ బలముగా వెలికి చిమ్మరాదు. చిమ్మినచో పిస్టన్లు, లైనర్లు అరిగినవని తెలిసికొనుడు.

తరువాత బ్రేకులు. ట్రాక్టరునకు కుడి యెడమ చక్రములకు వేరువేరుగా రెండు బ్రేకు పలకలుండును. పొలమున చప్పున మలుపు తిరుగుటకు ఆ యేర్పాటు. రోడ్డుపై నడపునపుడు ఆ రెంటిని కలుపు కొక్కెము తప్పక వేసియుండవలెను. లేనియెడల ఒక ప్రక్క చక్రమే నిలిచి బండి అడ్డముగా తిరుగును. పాత ట్రాక్టర్లలో ఈ కొక్కెము తరచుగా కనబడదు. ఖాళీ స్థలమున నెమ్మదిగా నడపి, రెండు పలకలను కలిపి త్రొక్కి, బండి నేరుగా నిలుచుచున్నదా లేదా యని చూడుడు.

టైరుల ప్రక్కభాగమున నాలుగంకెల గుర్తు కనబడును. 2319 అని యున్నచో ఆ టైరు 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. గట్లు మిగిలియున్నను, ఎండకు పగిలిన పాత టైరు పనికిరాదు. వెనుక టైరుల జత ఖరీదు పెద్దది. మార్పవలసి యున్నచో ఆ మొత్తమును బేరమునందే తగ్గించుకొనవలెను. ట్రైలరు విషయమున డ్రాబారు రంధ్రము కోలగా అరిగినదా, తగిలించు పిన్ను సన్నగిల్లినదా, చట్రమున అతుకులు విడినవా, చక్రపు బేరింగులు ఊగులాడుచున్నవా అని చూడుడు. రంగు క్రొత్తగా వేసియున్న చోట అతుకులను మరింత జాగ్రత్తగా చూడవలెను. వెనుక ఎర్రదీపము, వెలుగు పడినపుడు మెరయు ఎర్రబిళ్లలు లేని ట్రైలరు రాత్రివేళ రోడ్డుప్రక్కన నిలిచినచో, వెనుకవచ్చు మోటారు సైకిలువానికి అది కనబడదు.

విడిభాగములు దొరకుట మరియొక ముఖ్య విషయము. హెచ్.ఎం.టి. సంస్థ 1971లో ట్రాక్టర్ల తయారీ ఆరంభించి, 2016లో దానిని మూసివేసినది. ఆ బండ్లు దృఢమైనవని నేటికిని పేరు. అయినను తయారీ నిలిచిపోయిన బండిని కొనుటకు ముందు, మన యూరి మెకానిక్కు దాని భాగములు ఎచట దొరకునో, ఎన్ని దినములకు వచ్చునో అడుగవలెను. కోతల కాలమున పది దినములు మూలబడిన బండి చౌకబండి కాదు.

ఏ నమూనా ట్రాక్టరు ఎంత బరువు గలది, ఎంత లాగును, బ్రేకులెట్లున్నవి యని ప్రభుత్వమే పరీక్షింపించును. మధ్యప్రదేశమునందలి బుద్నీలో 1955లో స్థాపింపబడిన సంస్థ ఈ పనికి ప్రసిద్ధమైనది. దక్షిణ ప్రాంతమునకు అట్టి వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కలదు. ట్రాక్టరు నడపుట, మరమ్మతు నేర్పు శిక్షణ అచట లభించును. పాఠశాల చదువు ముగించిన యువకులు ఈ సంగతి గుర్తుంచుకొనుట మంచిది.

కాగితములు

మన ప్రాంతము మూడు రాష్ట్రముల కూడలి. సంతలో అమ్మకమునకు వచ్చు బండ్లలో తమిళనాడువి కొన్ని, కర్ణాటకవి కొన్ని, ఆంధ్రవి కొన్ని. ఇంజను ఎంత మంచిదైనను కాగితము సరిగా లేనిచో ఆ బండి మనది కాదు. మా విద్యార్థి తండ్రి యొకరు పొరుగు రాష్ట్రమునుండి ఒక ట్రాక్టరును చౌకగా కొనిరి. స్టాంపు కాగితముపై ఒప్పందము వ్రాయించుకొనిరి. అది ఆయనకు రాని భాషలో నున్నది. చదివి చెప్పినవాడు అమ్మినవాని బంధువు. అయిదు నెలల తరువాత, పూర్వపు యజమాని అప్పు తీర్పలేదని అప్పిచ్చినవారు వచ్చి ట్రాక్టరును తీసికొనిపోయిరి. అప్పు సంగతి రిజిస్ట్రేషను పత్రములో స్పష్టముగా వ్రాసియే యున్నది. ఆ యింట తొమ్మిదవ తరగతి చదువు కుమార్తె కలదు. ఆమె ఆ భాష చదువగలదు. "నన్ను ఎవరును చదువుమనలేదు, సార్" అని ఆమె నాతో అన్నది. ఈ వ్యాసము వ్రాయుటకు ఆ మాటయే కారణము.

కావున కాగితములను ఈ క్రమమున చూడవలెను. మొదటిది, రిజిస్ట్రేషను పత్రములోని ఇంజను సంఖ్యయు, చాసీ సంఖ్యయు బండిపై చెక్కిన సంఖ్యలతో అక్షరాక్షరము సరిపోవలెను. రెండవది, అప్పిచ్చిన సంస్థ పేరు అందులో నున్నచో, ఆ సంస్థ అప్పు తీరినదని యిచ్చు పత్రముతోపాటు ఫారము 35 సమర్పించి ఆ పేరు తీసివేయించిన తరువాతనే సొమ్ము చెల్లింపవలెను. కేంద్ర ప్రభుత్వపు పరివాహన్ సేవలో సంఖ్య నిచ్చి ఈ వివరములు ఫోనులోనే చూచుకొనవచ్చును. మూడవది, బండి వేరొక రాష్ట్రమునదైనచో ఆ రాష్ట్రపు రిజిస్ట్రేషను అధికారి యిచ్చు నిరాక్షేప పత్రము, అనగా ఎన్.ఓ.సి., కావలెను. నాలుగవది, ట్రైలరునకును వేరుగా రిజిస్ట్రేషను కలదు. 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము దాని సంఖ్య దానిపై నుండవలెను, లాగు ట్రాక్టరు సంఖ్యయు దాని వెనుక కనబడవలెను. ట్రాక్టరు కాగితములు మాత్రమే యిచ్చి, "ట్రైలరునకు అక్కరలేదు" అని చెప్పువాని మాట వినరాదు.

పేరు మార్పునకు ఫారము 29, ఫారము 30 కలవు. అమ్మినవాడు అదే రాష్ట్రములోనైన 14 దినములలోను, వేరు రాష్ట్రమునకైన 45 దినములలోను తెలియజేయవలెను. కొన్నవాడు 30 దినములలో తెలియజేయవలెను. పేరు మారనంతవరకు, ప్రమాదము జరిగినపుడు పరిహార బాధ్యత రిజిస్టరులో పేరున్న యజమానిదే యని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున పేరు మార్పు కొన్నవాని కెంత ముఖ్యమో అమ్మినవానికిని అంతే ముఖ్యము. బీమాను కూడ తమ పేరునకు మార్పించుకొని, అందులో ట్రైలరును చేర్పించవలెను. వ్యవసాయమునకని రిజిస్టరైన బండితో ఇటుకలు, ఇసుక కిరాయికి తోలినచో చట్టము దానిని వేరుగా చూచును. బీమా పరిహారమునకు చిక్కులు వచ్చును.

వడ్డీ లెక్క

గణితమున శ్రద్ధ గలవారు ఈ భాగమును కాగితముపై వేసి చూడుడు. రెండు లక్షల రూపాయలు అప్పు. "నూటికి 12 మాత్రమే, మూడేండ్లు" అని చెప్పుదురు. ఏటికి 24,000 చొప్పున మూడేండ్లకు వడ్డీ 72,000. మొత్తము 2,72,000ను 36 నెలలకు పంచిన నెలకు సుమారు 7,556 రూపాయలు. వినుటకు న్యాయముగా నున్నది. కాని ప్రతినెలయు మనము అసలులో కొంత తీర్చుచునే యున్నాము. రెండవ సంవత్సరమున మనవద్ద రెండు లక్షలు లేవు, అయినను వడ్డీ రెండు లక్షలమీదనే కట్టుచున్నాము. తగ్గుచున్న బాకీపై లెక్కించినచో ఇది నూటికి దాదాపు 21 వడ్డీ యగును. కావున "వడ్డీ ఎంత?" అని మాత్రమే యడుగక, "తగ్గుచున్న బాకీమీదనా, మొదటి మొత్తముమీదనా?" అని యడుగుడు. ఈ యొక్క ప్రశ్నతో అప్పిచ్చువాడు మిమ్ము వేరు చూపుతో చూచును.

మరియొక లెక్క. కొన్న ధరతోపాటు టైరులు, మరమ్మతు, బీమా, వడ్డీ కలిపి సంవత్సరమునకు ఎంత పడునో వ్రాయుడు. సంవత్సరములో ట్రైలరుతో నిజముగా పని యుండు దినములెన్నో వ్రాయుడు. మొదటిదానిని రెండవదానితో భాగించిన ఒక దినపు ఖర్చు వచ్చును. దానికి డీజిలు కలిపి, ఊరిలో బాడుగకు దొరకు ట్రాక్టరు ధరతో పోల్చుడు. కొన్ని కుటుంబములకు కొనుటయే లాభము. కొన్నింటికి ఇరుగుపొరుగువారు ఇద్దరు ముగ్గురు కలిసి కొనుట లాభము. కొన్నింటికి కొనకుండుటయే లాభము. కొనకుండుట అవమానము కాదు.

రెండు మనవులు

ట్రైలరు సరకునకు గాని మనుష్యులకు కాదు. అందులో పట్టుకొనుటకు ఆధారము లేదు; తిరుగబడినపుడు దాని బరువంతయు లోనివారిపైననే పడును. 2018 జూన్ నెలలో తెలంగాణములోని యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ వద్ద కూలిపనికి పోవువారితో నున్న ట్రాక్టరు కాలువలో పడి పదిమందికి పైగా మరణించిరి; వారిలో ఎక్కువమంది స్త్రీలు. 2022 అక్టోబరు 1వ తేదీన ఉత్తరప్రదేశమున కాన్పూరు సమీపమున దేవాలయమునుండి మరలివచ్చుచున్న ట్రాలీ చెరువులో పడి ఇరువదిమందికి పైగా మరణించిరి. జాతరకైనను, పెండ్లికైనను, కూలికైనను, "ఈ యొక్కసారికే" అని ఎక్కవలదు, ఎక్కింపవలదు. ఎక్కనందుకు ఎవరైన నవ్వినను సహింపుడు.

రెండవది విద్యార్థులకు. పదునెనిమిది సంవత్సరములు నిండి, లైసెన్సు పొందనిదే ట్రాక్టరు నడపరాదు. 2019లో సవరింపబడిన చట్టము ప్రకారము, బాలుడు బండి నడపి నేరము చేసినచో తండ్రికో యజమానికో మూడేండ్లవరకు జైలు, 25,000 రూపాయల జరిమానా విధింపవచ్చును. బండి రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దగును. మీరు సరదాకు పట్టిన స్టీరింగు మీ తండ్రిని న్యాయస్థానమున నిలబెట్టును.

మీరు చేయవలసిన పని వేరొకటి కలదు. బేరమునకు పోవునాడు మీ తండ్రిగారితో మీరును పోవుడు. ఒక నోటుపుస్తకము తీసికొని పోవుడు. బండి సంఖ్యలు వ్రాసికొనుడు, టైరుల గుర్తులు చూడుడు, బరువుల లెక్క వేయుడు, కాగితములను మొదటినుండి చివరివరకు చదివి ఆయనకు తెలుగులో చెప్పుడు. చెప్పకముందే సంతకము చేయవలదని బ్రతిమాలుడు. ఇంటిభాష, రాష్ట్రభాష, పాఠశాల చదువు మూడును తెలిసిన బిడ్డ యింట నుండగా, ఏ తండ్రియు తాను చదువలేని కాగితముపై వ్రేలిముద్ర వేయవలసిన అగత్యము లేదు.